త్రికోణం పెట్టని మార్పు

పన్నెండు గంటలకి గంట మోగింది, మోగీ మోగగానే లైట్లు ఆరిపోయాయి. కరెంటు ఆదా అని నేను చేరకముందే ఎవరో పెద్దమనిషి మొదలుపెట్టాడు, ఆయన పోయాడు, అలవాటు మాత్రం పోలేదు, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మా డిజైను గది పట్టపగలే చీకటి. మామూలు రోజుల్లో కిటికీలోంచి రేవు మీది వెలుగన్నా వస్తుంది, ఇవాళ అదీ లేదు, జూన్ ముసురు, నాలుగు రోజులుగా తెరిపి లేకుండా పడుతోంది. అందరూ పది నిమిషాల్లో బెంతో అన్నం డబ్బాలు ఖాళీ చేసేసి, బల్లల మీద చేతులు మడుచుకుని, వాటి మీద తలలు వాల్చి పడుకున్నారు. ఇరవై ఆరు తలలు. ముప్ఫై ఆరేళ్లుగా రోజూ చూస్తున్నదే, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు, ఇవాళ మాత్రం వీళ్లలో ఒక్కరి ముఖమూ కనిపించదేమిటి అనిపిస్తోంది, ఊపిరి తీస్తున్నారో లేదో లేచి వెళ్లి చూడాలనిపిస్తోంది. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు, సిగ్గుండాలి. నా డబ్బాలో అన్నం మధ్య ఊరబెట్టిన ఉమె పండు ఎర్రగా అలాగే ఉంది, ముట్టుకోలేదు. గది మొత్తంలో నా తెర ఒక్కటే వెలుగుతోంది. దాని మీద ముప్ఫై ఎనిమిది అని ఉంది.

ఉండకూడదు. అక్కడ అరవై అయిదు ఉండాలి.

మళ్లీ కొట్టాను, అంకె మీద రెండుసార్లు నొక్కి, ఆరూ అయిదూ, ఒక్కో మీటనీ చూసి చూసి. అరవై అయిదు అయింది. ఫైలు మూసి తెరిచాను. ముప్ఫై ఎనిమిది. ఇది మూడోసారి.  అలాగని దెయ్యమూ కాదు, భూతమూ కాదు, నాకు తెలుసు, ఈ కొత్త ప్రోగ్రాము సంగతి ఈ గదిలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, మా సెక్షన్ హెడ్ ఒకినో కూడా నన్నే అడుగుతాడు. పాత మెషీన్లో గీత వేరు, అంకె వేరు, గీత మీద ఏ అంకె రాస్తే ఆ అంకె అలా పడి ఉండేది. కొత్తది అలా ఊరుకోదు, తెరిచిన ప్రతిసారీ గీత దగ్గరికి వెళ్లి కొలుస్తుంది, ఎంత వస్తే అంత రాస్తుంది. అంతే. గీత ముప్ఫై ఎనిమిది అంటోంది, ఇదీ ముప్ఫై ఎనిమిది అంటోంది. తెలిసిన సంగతే కదా, మరి ఎందుకే ఈ భయం అని నన్ను నేనే తిట్టుకున్నాను, తిట్టు పని చెయ్యలేదు.

రెండేళ్లు పట్టింది ఈ మార్పిడికి. నలభై వేల పైచిలుకు డ్రాయింగులు, అన్నీ ఆ మూలనున్న పాత మెషీను భాషలో, దానికి తప్ప ఇంకెవరికీ అర్థంకాని భాషలో ఉండిపోయాయి, దాన్ని చేసిన కంపెనీయే మూతపడి పదిహేనేళ్లయింది. అరచేతి వెడల్పు డిస్కుల్ని ఒక్కొక్కటే దాని నోట్లో పెట్టాలి, కిర్రుమని తిప్పుతుంది, చదవడం అయ్యాక టక్కుమని ఉమ్మేస్తుంది, రెండేళ్లుగా ఆ కిర్రూ టక్కూ కలలోకి కూడా వస్తున్నాయి. అన్నీ అయిపోయాయి, పంపులు, పైపులు, వంతెనల కాళ్లు, అన్నీ. ఈ పదకొండు మిగిలాయి. మిగిలాయి అంటానేమిటి, నేనే మిగిల్చాను, తినబుద్ధికానిదాన్ని పళ్లెం అంచుకి నెట్టినట్టు నెట్టుకుంటూ వచ్చాను. తుఫాను ఉప్పెన ఊళ్లోకి రాకుండా ఆపే కాలవ తలుపులు ఇవి, ఈ తీరం పొడుగునా పదకొండు, ఒక్కోటి రెండంతస్తుల ఎత్తు ఉక్కు తలుపు, పైకెత్తాక జారకుండా పక్కనుంచి ఉక్కు చీల తోస్తారు. పొద్దున ఒకినో వచ్చి నా బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, నలభై రెండేళ్లవాడు, మంచివాడే, ఎప్పుడూ రైలుకి టైమైపోతున్నట్టు ఉంటాడు.

"నెజుగారూ, ఒంటిగంటకి లారీ వస్తోంది. పాత మెషీన్నీ డిస్కుల్నీ మన కళ్లముందే నుజ్జు చేసి కాగితం ఇచ్చి వెళ్తారు. అదే టైముకి నేను ముద్ర కొట్టేస్తాను, కొట్టగానే తలుపుల ఫైళ్లు ఫ్యాక్టరీకి వెళ్లిపోతాయి, పాత చీలలన్నీ తీసి కొత్తవి వెయ్యాలిగా, వాళ్లు మెషీను ఖాళీగా పెట్టుకుని కూచున్నారు. తేడాల జాబితా ఎంత వచ్చింది?"

"సున్నా," అన్నాను.

"సున్నా! అబ్బ, ఎంత చల్లగా ఉందండీ ఆ మాట వింటే. మీ చేతిలో పనంటే నాకు బెంగే ఉండదు."

నిజంగానే సున్నా. పాత గీతనీ కొత్త గీతనీ పక్కపక్కన పెట్టి కొలిచే ప్రోగ్రాము అది, గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వెంట్రుకంత తేడా లేదు, అంతా సవ్యంగా ఉందని రాసి ఇచ్చింది. అరవై అయిదు ఉండాల్సిన చోట ముప్ఫై ఎనిమిది రావడం దాని లెక్కలో తేడానే కాదు. ఇంక ఆ ఫ్యాక్టరీలో అంకెలు చదివే మనిషి కూడా లేడు ఇప్పుడు, ఫైల్లోంచి ఆకారాన్ని మెషీనే నేరుగా తీసుకుని ఉక్కుని కోస్తుంది. తలుపులోకి ముప్ఫై ఎనిమిదే దిగే పొట్టి చీలలు పదకొండు తలుపులకీ వెళ్తాయి. తలుపుని పైకెత్తి, ఆ చీలని పక్కనుంచి తోసి, అది పట్టి ఉంచుతుందనే నమ్మకంతో ఎవడో ఒకడు దాని కిందికి వెళ్లి అంచుకి పట్టిన గుల్లల్ని గీకుతాడు. తలుపు మీద అల కొడుతుంది, ఇంకోటి కొడుతుంది, కొట్టినప్పుడల్లా చీల మీద తలుపు కాస్త కాస్త జరుగుతుంది. ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లంటే నా బొటనవేలి రెండు కణుపులు కూడా లేదు.

తలుపు కింద ఒక మనిషి పోయినప్పుడు ఇవాబుచి అలాగే బొటనవేలు చూపించాడు. ఆయన అప్పటి మా హెడ్, పోయి తొమ్మిదేళ్లయింది, సిగరెట్ పొగతో వేళ్లు పసుప్పచ్చగా ఉండేవి, ఆ వేలు నా ముఖం ముందు పెట్టి, చూశావా, ఇంతే పట్టుకుంది అన్నాడు. కేకలెయ్యలేదు. కేకలేసి ఉంటే బాగుండేది. మనుషులెవరూ లేకుండా చూసి నా పక్కన స్టూలు లాక్కుని కూచుని చాలా నెమ్మదిగా మాట్లాడాడు, జబ్బుపడ్డ పిల్లతో మాట్లాడినట్టు.

"ఏమ్మా నెజూ, అంకె మార్చెయ్యి. ముప్ఫై ఎనిమిది తీసి అరవై అయిదు పెట్టు. గీత జోలికి వెళ్లకు, గీత కదిపితే చుట్టూ ఉన్నవన్నీ కదుల్తాయి, వారం పడుతుంది. వర్కుషాపు వాళ్లు చూసేది అంకెనేగా."

"అంకె కింద అడ్డగీత పెట్టమంటారా?" అని అడిగాను. గీతకీ అంకెకీ పొంతన లేకపోతే అంకె కింద లావుపాటి అడ్డగీత గియ్యాలి, చేరిన మొదటి వారంలో నేర్పేది అదే.

"వద్దు."

"త్రికోణం?"

డ్రాయింగులో చీమంత మార్పు చేసినా ఆ మార్పు పక్కన చిన్న త్రికోణం గీసి, అందులో నంబరు వేసి, పట్టికలో తేదీ, కారణం, చేసినవాళ్ల ముద్ర పెట్టాలి, ఇక్కడ ఇది అన్నం తినేముందు చేతులు జోడించడం లాంటిది, ఎవరూ ఆలోచించి చెయ్యరు, చెయ్యకుండానూ ఉండరు. ఇవాబుచి తెర మీది అంకెని వేలితో తట్టాడు. "అంకె సరిపోయింది కదమ్మా. త్రికోణం ఎందుకు?" అన్నాడు. నేను అంకె మార్చాను. ఆరు నెలల్లో పదకొండు తలుపులకీ తనిఖీ పేరు మీద కొత్త చీలలు పడ్డాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు, ఆ తర్వాత ఎవరూ చావలేదు. నేను రాత్రిళ్లు నిద్రపోయాను కూడా. పోలేదని చెబితే అబద్ధం, బాగానే పోయాను.

టక్. పాత మెషీను. నేనేమీ డిస్కు పెట్టలేదే. లేచి చూస్తే పొద్దున పెట్టిందే, ఇప్పుడు బయటికి తోసింది, సగం లోపల, సగం బయట. వేలితో లాగి పక్కన పెట్టాను, వెచ్చగా ఉంది. పన్నెండూ ఇరవై రెండు. ఒకినో తల కూడా బల్ల మీదే ఉంది, నిద్రలో కూడా చేతి గడియారం కనిపించేలా పెట్టుకున్నాడు.

కాగితం మీద అది అరవై అయిదే. అది చెప్పుకోవాలి, ఎవరికి చెప్పుకుంటానో తెలియదు గాని చెప్పుకోవాలి. ఎనభై తొమ్మిదిలో కంపెనీ ఆ మెషీను కొన్నప్పుడు, పెన్సిలు డ్రాయింగులన్నిటినీ అందులోకి ఎక్కించే పని నాకిచ్చారు, ఇరవై నాలుగేళ్లు నాకు, చేతివేళ్లు చురుగ్గా ఉన్నాయన్నారు. అంటే అప్పుడూ మార్పిడే, కాగితం నుంచి డిస్కులోకి, ఇప్పుడు డిస్కులోంచి ఇంకోదాన్లోకి, నా ఉద్యోగమంతా ఇదేనేమో, చచ్చిన గీతల్ని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మొయ్యడం. చీల ఒక పలక గుండా వెళ్లి తలుపులోకి దిగుతుంది, పలక మందం ఇరవై ఏడు. పలక లోపలి అంచు దగ్గర్నుంచి అరవై అయిదు దిగాలి. నేను తెర మీది గుర్తుని లోపలి అంచు మీద పెట్టాననే అనుకున్నాను. ఆ మెషీను గుర్తుకి ఒక పాడు బుద్ధి, దగ్గర్లో ఏ గీత ఉంటే దానికి వెళ్లి అతుక్కునేది, అది బయటి అంచుకి అతుక్కుంది, నేను అక్కణ్ణుంచి అరవై అయిదు గీసేశాను. అరవై అయిదులోంచి ఇరవై ఏడు పోతే ఎంతో మూడో క్లాసు పిల్లయినా చెబుతుంది. ఆ తర్వాత దిగిన లోతు చూపించే అంకెని మొదటిసారి మెషీనే తనంతట తాను కొలిచి వేసింది, ముప్ఫై ఎనిమిది అని, నా కళ్లముందే వేసింది, నేను చూశాను, చూశానే గాని చదవలేదు. కంప్యూటరు వేసిన అంకె తప్పవుతుందని ఆ రోజుల్లో ఎవరం అనుకున్నాం? కాగితంతో పోల్చి చూడాల్సిన ఇవాబుచి కూడా ముద్ర కొట్టేశాడు. ఆ డ్రాయింగు పట్టిక ఇప్పుడు కొత్త తెర మీద చూస్తున్నాను, అక్షరాల మార్పిడి కుదరక సరిచూసినవాళ్ల పేరు చెడిపోయింది, ఇవాబుచి ఉండాల్సిన గడిలో ఖాళీ డబ్బాలూ ప్రశ్నార్థకాలూ ఉన్నాయి. గీసినవాళ్ల గడిలో నెజు అని మాత్రం చుక్క పోకుండా వచ్చింది.

రెండో తలుపు ఫైలు తెరిచాను. ముప్ఫై ఎనిమిది. మూడోది. తెరుచుకుంటున్నప్పుడు గీతలు ఒక్కొక్కటే పైనుంచి కిందికి వచ్చి నిలబడతాయి, ముందు స్తంభాలు, తర్వాత తలుపు, తర్వాత గొలుసులు, చిట్టచివర తలుపు కింద ఒక మనిషి.  మొదటి రెండింటిలో అంకె కోసం దగ్గరికి లాగి చూశాను కాబట్టి కనపడలేదు, వెనక్కి వెళ్లి చూస్తే వాటిలోనూ ఉన్నాడు. ముఖం లేదు, టోపీ ఉంది, ఒక చెయ్యి కాస్త ఎత్తి ఉంది, అడుగు ముందుకి వేస్తున్నట్టు. నేను గీసినవాడే. ఎంత పెద్ద తలుపో చూసేవాళ్లకి తెలియాలని పక్కన మనిషి బొమ్మ వెయ్యడం అందరూ చేస్తారు, పక్కన వెయ్యొచ్చుగా, అందంగా ఉంటుందని సరిగ్గా తలుపు కింద వేశాను, ఇరవై నాలుగేళ్ల తలబిరుసు. ఆ ప్రమాదం అయ్యాక వాణ్ణి డ్రాయింగులో కనపడకుండా మూసెయ్యగలిగే వేరే పొరలోకి తోసి ఆ పొరని మూసేశాను. తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు. మూసిన పొరలన్నీ మార్పిడిలో తెరుచుకుంటాయని ఈ గదిలో అందరికీ పాఠం చెప్పింది నేనే, నోట్సు రాసి పంచింది కూడా నేనే. ముప్ఫై రెండేళ్లు చీకట్లో అలాగే చెయ్యెత్తి నిలబడి ఉన్నాడన్నమాట.

ఆయన పేరు కొగురె. తలుపుల మరమ్మతు ముఠాలో పనిచేసేవాడు, నేను మనిషిని చూడలేదు, ఫోటోనే చూశాను, చెవులు పెద్దవి. నాలుగో తలుపు కింద, తొంభై ఒకటి జూన్, ఇలాంటి ముసురే. చీల చివరిదాకా తొయ్యకుండా కిందికి వెళ్లాడని కాగితాల్లో రాశారు, అతని అజాగ్రత్తే అన్నారు. శవాన్ని ఇంట్లో ఉంచిన ఆ సాయంత్రం ఇవాబుచి వెనకాల నేనూ వెళ్లాను, నల్ల బట్టలు అప్పటికి నాకు సొంతంగా లేవు, మా అక్కవి. కొగురె భార్య మిత్సుయె చాప మీద నుదురు ఆన్చింది, ఆ నుదురు లేవలేదు. "మా ఆయన అజాగ్రత్త వల్ల కంపెనీకి ఎంత తలవంపులొచ్చాయో, నన్ను క్షమించండయ్యా," అంది. ఇవాబుచి, అయ్యో, అలా అనకండి, అన్నాడు. అంతే అన్నాడు. నేను అగరుబత్తి గుచ్చి దణ్ణం పెట్టి వచ్చాను. ఛీ.

ఆవిడ ఇప్పటికీ పడవల రేవు దగ్గర కొట్లో చేపముద్దలు వేయిస్తుంది, డెబ్భై దాటాయి, చేతులు మాత్రం ఆగవు. శుక్రవారం శుక్రవారం వెళ్లి కొనుక్కుంటాను, ఎందుకు వెళ్తానో నాకే తెలియదు, బహుశా ఆవిడ నవ్వుతూ ఉంటే చూసి ఊరట పడదామని. నవ్వుతుంది కూడా. మొగుణ్ణి తిడుతూ నవ్వుతుంది.

"ఇంట్లోనూ అంతే నెజుగారూ ఈ మనిషి, అలమార తలుపు ఏనాడూ పూర్తిగా మూసి ఎరగడు. వెనకాలే తిరిగి మూసేదాన్ని. రోజూ పొద్దున ఫోటో ముందు అన్నం పెడతానా, పెట్టి తిడతాను. ఇంకొక్క తోపు తోసి ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా, ఆ కాస్తకే బద్ధకమా, అని. వింటాడు పాపం, ఎక్కడికి పోతాడు?"

పోయిన శుక్రవారం పొట్లం కడుతూ మామూలుగానే చెప్పింది. ఈ ఆదివారం ముప్ఫై మూడో ఏటి పూజట. దాంతో ఆఖరు, ఆ తర్వాత ఆయనకి విడిగా పేరుండదు, ఇంటి పెద్దల్లో కలిసిపోతాడు. "ఇంక తిట్టుకుందామన్నా ఉండడు," అంది, నూనెలోంచి ముద్దలు తీస్తూ. "అజాగ్రత్త మనిషిగానే వెళ్లిపోతాడు, ఏం చేస్తాం."

ఇవాళ గురువారం.

నాలుగో తలుపు ఫైలు తెరవడానికి మూడుసార్లు మౌసు మీద వేలు పెట్టి తీశాను. పన్నెండూ ముప్ఫై అయిదు. వాన శబ్దం పెరిగింది, ఎవరో నిద్రలో గొంతు సవరించుకున్నారు. తెరిచాను. స్తంభాలు వచ్చాయి, తలుపు వచ్చింది, గొలుసులు వచ్చాయి. ఆగింది. కింద ఎవరూ లేరు.

మూడింటిలోనూ ఉండి ఇందులో మాత్రం ఎందుకు లేడు? ఈ డ్రాయింగులోనే కదా ఉండాల్సింది. నేను తుడిచానా? తుడవలేదు, తుడవడానికి చెయ్యి రాలేదని ఇప్పుడే కదా అనుకున్నాను. పొరలన్నీ వెతికాను, అన్నీ తెరిచే ఉన్నాయి, మనిషి లేడు. అయిదు నుంచి పదకొండు దాకా గబగబా తెరిచి చూశాను, ఉన్నాడు, ఉన్నాడు, ప్రతి తలుపు కిందా అదే చెయ్యెత్తి. మళ్లీ నాలుగుకి వచ్చాను, లేడు.  ఏమీ తోచక, ఫైల్లో ఉన్నదంతా ఒక్క తెరలోకి తెచ్చే మీట నొక్కాను.

తలుపు చిన్నదైపోయింది. కొంచెం చిన్నదవడం కాదు, లాక్కుని పోయినట్టు దూరంగా వెళ్లిపోయింది, స్తంభాలూ గొలుసులూ అంకెలూ అన్నీ కలిసి ఎడమ మూల ఒక చుక్కయింది. మిగతా తెరంతా నలుపు. కుడి చివర ఇంకో చుక్క. దాని దగ్గరికి వెళ్లాను, వెళ్తూ ఉంటే నలుపే నలుపు, ఎంతసేపటికీ నలుపే, కొలత చూస్తే నిజం నేల మీదయితే తలుపు నుంచి పద్నాలుగు కిలోమీటర్లు చూపిస్తోంది. అక్కడ ఉన్నాడు. ఒక్కడే, చుట్టూ ఒక్క గీత లేదు, కాళ్ల కింద నేల గీత కూడా లేదు, టోపీ పెట్టుకుని, చెయ్యి కాస్త ఎత్తి, అడుగు ముందుకి వేస్తూ.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, చేతికి గుర్తుంది, మౌసు మీద ఆ చెయ్యి అలా జరిగింది ఒకసారి. కొగురె ఇంటికి వెళ్లి వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఇంకెవరూ రాకముందే వచ్చి, మిగతా పదింట్లోనూ వాణ్ణి దాచేసి, ఈ ఒక్కదాంట్లో మాత్రం పట్టుకుని తలుపు కింద నుంచి పక్కకి లాగాను. ఇంకా పక్కకి. డ్రాయింగు చట్రం దాటించాను, తెర దాటించాను, అయినా దగ్గర్లోనే ఉన్నట్టనిపించి ఇంకా తోశాను, ఇంకా, ఇంకా, తలుపు పడినా నీడ కూడా తగలనంత దూరం. పిచ్చిదానిలా ఏడుస్తూ చేశాను ఆ పని. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి ఇవాబుచి చెప్పినట్టు అంకె మార్చాను. ఇంత దూరం తోసిన మనిషి గురించి ముప్ఫై రెండేళ్లలో ఒక్కసారీ తలుచుకోలేదంటే నేను ఎలాంటిదాన్ని?

పన్నెండూ నలభై నాలుగు. చీల మొనని పట్టుకున్నాను. ఇరవై ఏడు మిల్లీమీటర్లు. వారం పడుతుందన్నాడు ఇవాబుచి, అర నిమిషం పట్టింది. మొన జరిగింది, తలుపులో గూడు దానితో పాటు లోతయింది, నేను ముట్టుకోకుండానే ముప్ఫై ఎనిమిది అరవై అయిదయింది. ఫైలు మూసి తెరిచాను. అరవై అయిదు. ఇంకోసారి మూసి తెరిచాను, అరవై అయిదే. పదకొండూ జరిపాను. ఇంక ఎవడూ చావడు, ఆ చీల పట్టుకుంటుంది, చాలు కదా, లేచి మొహం కడుక్కుని టీ తాగొచ్చు. తేడాల జాబితాలో పదకొండు వస్తాయి, వస్తే వచ్చాయి, ఏదో చెప్పొచ్చు. ఒంటిగంటకి లారీ వస్తుంది, ఆ ముప్ఫై ఎనిమిది గీతా, దాని మీద నేను అతికించిన అరవై అయిదూ రెండూ నుజ్జయిపోతాయి, ఇంక లోకంలో ఎక్కడా ఉండవు. నా ఒక్కదాని తలలో తప్ప. రెండేళ్లలో నేనూ రిటైరవుతాను. ఆదివారం ఆయనా పెద్దల్లో కలిసిపోతాడు. ఎంత సులువు. కుర్చీలోంచి సగం లేచాను కూడా.

లేచి, నాలుగో తలుపు తెర వంక చూశాను. పద్నాలుగు కిలోమీటర్ల అవతల చెయ్యెత్తి నిలబడ్డవాడు రమ్మంటున్నాడో, ఆగమంటున్నాడో, అలమార తలుపు మూస్తున్నాడో నాకు తెలియలేదు. మళ్లీ కూచున్నాను.

అరవై అయిదు పక్కన త్రికోణం గీశాను. లోపల ఒకటి వేశాను. పట్టికలో కారణం గడి చిన్నది, రెండు వరుసలు పడతాయి, మార్చి మార్చి రాశాను. "మొదటి డ్రాయింగులో చీల ఇరవై ఏడు మిల్లీమీటర్లు పొట్టిగా గీశాను. 1991లో అంకె మాత్రమే మార్చి దాచాను. నెజు." పదకొండింటికీ అదే. ప్రింటు తీశాను, చీకట్లో ప్రింటరు చప్పుడికి రెండు తలలు కదిలాయి. సొరుగులోంచి నా ముద్ర తీసి, పది కాగితాల మీద కొట్టాను. మిగిలిన నాలుగో తలుపు కాగితం మీద కొట్టబోతుంటే గంట మోగింది, లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, ఇరవై ఆరు తలలూ లేచాయి, అందరి బుగ్గల మీదా చొక్కా మడతల గుర్తులు, అందరూ బతికే ఉన్నారు.

ఒకినో కళ్లు నులుముకుంటూ తన తెర చూసుకుని నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చాడు. "నెజుగారూ, సున్నా అన్నారు, పదకొండు చూపిస్తోందేమిటి?" అని కాగితం అందుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. మనుషులు దగ్గర్లో ఉన్నారేమో చూసి, పక్క బల్ల కింద నుంచి స్టూలు లాక్కుని కూచున్నాడు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"గీత జరిపారు, మంచి పని చేశారు. పదకొండూ మార్పిడిలో వచ్చిన దోషాలని నేను రాసేస్తాను, ప్రోగ్రాము మీదకి పోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. అంకె సరిపోయింది కదండీ. త్రికోణం ఎందుకు?"

ఇతను ఇవాబుచిని చూసి ఎరగడు. ఇవాబుచి రిటైరైన మూడేళ్లకి గాని ఈ ఊరు రాలేదు. అదే స్టూలు, అదే మాట, గొంతు కూడా అదే స్థాయిలో. ఒక్క క్షణం అతని వేళ్లు పసుప్పచ్చగా ఉన్నాయేమోనని చూశాను, శుభ్రంగానే ఉన్నాయి.

"కొగురె చీలని చివరిదాకా తోశాడండీ," అన్నాను. "ఆ చివరే పొట్టిది."

"ఎవరండీ కొగురె?"

చెప్పాను. కింద లారీ వెనక్కి వస్తున్న కూత వినపడుతోంది. చెబుతూనే నాలుగో కాగితం మీద ముద్ర పెట్టి, రెండు చేతులతో నొక్కాను, ఎర్రగా, వంకర లేకుండా పడింది. "లారీని పంపించెయ్యండి. ఆ మెషీన్లో నా తప్పు ఉంది, దాన్ని ముక్కలు చెయ్యడానికి వీల్లేదు," అన్నాను.  ఒకినో చేతిలో తన ముద్ర ఉంది, మూత కూడా తీసి ఉంది. నా ముఖం చూశాడు, కాగితం చూశాడు, గడియారం చూసుకోలేదు. మూత పెట్టి ముద్రని జేబులో వేసుకుని, లారీవాళ్లతో మాట్లాడటానికి కిందికి వెళ్లాడు.

నేను కొట్టు నంబరు తిప్పాను, శుక్రవారాలు వెళ్లి వెళ్లి పొట్లం మీద చూసి కంఠతా వచ్చిన నంబరు. నాలుగు మోతల తర్వాత ఎత్తింది, వెనకాల నూనె చిటపటలు.

"నెజుగారా! ఇవాళ గురువారమే కదా?"

"మిత్సుయెగారూ, రేపు పొద్దున అన్నం పెట్టేటప్పుడు ఆయన్ని తిట్టకండి. ఆయన చీల మొత్తం తోశారు. చీలే పొట్టిది. దాన్ని పొట్టిగా గీసింది నేను."

 చిటపటలు ఆగిపోయాయి, పొయ్యి కట్టేసినట్టుంది. వాన చప్పుడు రెండువైపులా ఒకటే వినపడుతోంది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"మొత్తం తోశాడా?" అంది.

"మొత్తం."

"రోజూ తిట్టాను కదమ్మా," అంది.